మా అత్త సంతకం పెట్టని ఎండాకాలం

శెనక్కాయల పొట్టు వాసన తగిలితే చాలు, నేను మళ్లీ ఆ వసారాలో పోయి కూర్చుంటాను. ఇప్పుడు రాప్తాడు హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. అనంతపురంలో సొంతిల్లు, పైన ట్యాంకు, కింద స్కూటరు, అన్నీ ఉన్నాయి. మా అత్త పోయి రెండేండ్లయింది. కానీ మే నెల వచ్చి మార్కెట్లో కొత్త విత్తనం కాయలు కనపడితే, ఆ ఎండాకాలం నన్ను వదిలిపెట్టదు.

మా అత్త పేరు హనుమంతమ్మ. ముదిగుబ్బ నుంచి లోపలికి పోయే దారిలో ఉంటాది మా ఊరు. వానకు ముందు విత్తనం కాయలు ఒలిచి పెట్టుకునేది ఆ పక్క ఇండ్లలో పెద్ద పని. మిషనుకు వేస్తే పప్పు బద్దలైపోతాదని మా అత్త ఒప్పుకునేది కాదు. పొద్దున్నే కాయల మీద నీళ్లు చిలకరించి పెట్టేది. మధ్యాహ్నం వసారాలో కుప్ప పోసుకుని, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒలిచేవాళ్లం. బొటనవేలు మంట పుట్టేది. బయట ఎండ కొండల మీద తెల్లగా వణుకుతా ఉండేది. గొర్రెలు దొడ్డిలో ఒకదాని కడుపు కింద ఇంకొకటి తల పెట్టుకుని నిలబడేవి.

నేను అప్పుడు టీచరు పరీక్షకు చదువుతా ఉన్నాను. పుస్తకాన్ని కాయల మూటకు ఆనించి పెట్టి, ఒలుస్తానే పైకి చదివేదాన్ని. పైకి చదివితేనే నాకు తలకెక్కేది. మా అత్త ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. నేను చదివేదంతా కథ విన్నట్టు వినేది. మధ్యలో ఆపి అడిగేది. "ఆ రాజు పెండ్లాం ఏమైందమ్మీ మళ్ల?" అని. పుస్తకంలో రాజుల పెండ్లాల సంగతి ఎప్పుడూ ఉండేది కాదు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

అప్పుడు ఆమె మా ఊరి సర్పంచ్. అంటే, గెలిచింది ఆమె. కుర్చీలో కూర్చునేది మా మామ వీరప్ప. అంతకు ముందు ఆయనే సర్పంచ్. ఆ తడవ సీటు ఆడవాళ్లకు వచ్చేసరికి భార్యను నిలబెట్టినాడు. ఆఫీసు కాగితాలు ఇంటికే వచ్చేవి. మామ వేలు పెట్టి "ఈడ" అనేవాడు. మా అత్త చెయ్యి చీరకొంగుకు తుడుచుకుని, ముగ్గు వేసినంత నిదానంగా తన పేరు రాసేది. ఏం కాగితమని అడిగింది నేను చూడలేదు.

నా భర్త కేశవ వాళ్లకు ఒక్కడే కొడుకు. ముదిగుబ్బలో ఎరువుల అంగడిలో పని చేస్తా, మండలం లీడరు గురప్ప వెనకాల తిరిగేవాడు. రాబోయే ఎన్నికల్లో ఎంపీటీసీ టికెట్టు తనకే అని గురప్ప మాటిచ్చినాడు. ఆ మాట చెప్పేటప్పుడు కేశవ ముఖం చిన్నపిల్లోని ముఖం మాదిరి వెలిగిపోయేది. నాకు ఆ ముఖం ఇష్టంగా ఉండేది.

ఆ ఎండల్లోనే సరిహద్దుల్లో యుద్ధం మొదలైంది.

మా ఊరి నుంచి సరిహద్దు ఎంత దూరమో ఎవరికీ తెలీదు. అయినా రెండు రోజుల్లో యుద్ధం మా బస్టాపు కాడికి వచ్చేసింది. ప్రతి ఇంట్లో టీవీ అరుస్తానే ఉంది. వయసు పిల్లోళ్లు అక్కడి చెట్టు కింద రాయి కట్ట మీద గుంపుగా కూర్చుని ఫోన్లు చూసుకునేవాళ్లు. ఒకరోజు అందరి ఫోన్లకూ ఒకటే మాట వచ్చింది. అక్కడ సైనికులు చచ్చిపోతాంటే, ఈడ దస్తగిరి ఇంట్లో బిరియాని వండుకుని పండగ చేసుకున్నారని.

దస్తగిరికి బస్టాపు కాడ మోటారు వైండింగు అంగడి ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు మళ్లీ తీగ చుట్టి బాగుచేస్తాడు. అది పంచాయతీ కట్టించి బాడుగకిచ్చిన రూము. దాని పక్క రూములో మాబున్ని అనే ఆమె గాజులు అమ్ముతా, రవికలు కుట్టేది. మొగుడు లేడు. ఆ పక్కన బాబయ్య పంచర్ల అంగడి. మా ఊళ్లో ముసల్మానుల అంగళ్లు ఈ మూడే. నా పెండ్లి గాజులు మాబున్ని చేతి మీదుగా వేయించుకున్నవే. ఒక్కటి పగలకుండా ఎక్కించింది.

ఆ మాట వచ్చిన మర్నాడు పొద్దున పాల క్యానుతో పోయిన నాకు, మూడు షట్టర్ల మీదా ఎర్ర రంగుతో పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు కనపడినాయి. దస్తగిరి తాళంచెవి చేతిలో పట్టుకుని, తెరవాల్నా వద్దా అన్నట్టు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల వంచుకున్నాడు.

ఇంటికొచ్చి అత్తతో చెప్పినాను. మధ్యాహ్నం కాయలు ఒలిచేటప్పుడు, "చదువు" అని మాత్రం అనింది. నా పుస్తకంలో ఆ రోజు వచ్చింది జర్మనీ పాఠం. ఆ దేశంలో యూదులనే జనం ఉండేవాళ్లని, తరతరాలుగా అక్కడే బతికినోళ్లని చదివినాను. కొత్త ప్రభుత్వం వచ్చినాక వాళ్ల అంగళ్ల మీద నక్షత్రం గుర్తులు గీసినారని, ఇక్కడ కొనొద్దని తలుపుల కాడ మనుషుల్ని కావలి పెట్టినారని. ఉద్యోగాలు తీసేసినారని. చివరికి యుద్ధం వచ్చినాక రైళ్లకెక్కించి పంపినారని.

"యాడికి పంపినారు?" అనింది మా అత్త.

"చంపేదానికత్తా."

ఆమె చేతులు ఆగినాయి. దొడ్లో గొర్రె దగ్గింది.

"ఆడోళ్లను గూడానా?"

"పిల్లోళ్లను గూడా."

"ఆ ఊర్లకు సర్పంచులు లేరా?"

"ఉండేవాళ్లు కదా. మేయర్లని, మెంబర్లని."

"వాళ్లేం చేసినారు?"

నేను పేజీ తిప్పినాను. వెనక్కి ఇంకో పేజీ తిప్పినాను. "పుస్తకంలో వాళ్ల సంగతి లేదత్తా."

"రాసేంత పని ఏం చేసుండర్లే" అని మళ్లీ కాయ అందుకునింది.

తర్వాత నేను టీచరయినాక ఇంకా పెద్ద పుస్తకాలు చదివినాను. అక్కడా ఇక్కడా ఎదురు నిలబడినోళ్లు ఉన్నారు. పదవులు పోగొట్టుకున్నోళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నోళ్లు. ఆమెకు చెప్పినాను కూడా. కానీ ఆ రోజుకు నాకు తెలీదు.

ఆ మర్నాడు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గురప్ప కారులో వచ్చినాడు. వెనకాల కేశవ, ఇద్దరు ముగ్గురు పిల్లోళ్లు. గురప్ప మా అత్తను వదినా అని పిలిచేవాడు. మంచం మీద కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి, నిమ్మళంగానే మొదలుపెట్టినాడు.

"వదినా, ఊరు ఊరంతా ఉడుకుతాండాది. రేపు ఏమన్నా జరిగితే మన మీదికొస్తాది. అందుకే పంచాయతీ రూములు మూడూ ఖాళీ చేయించేటట్టు తీర్మానం రాయించినా. మెంబర్లంతా సంతకాలు పెట్టినారు. నీది ఒకటే మిగిలిండేది."

మా మామ కాగితం తీసుకుని చూసినాడు. ఆయన చెడ్డమనిషి కాదు. రాజకీయం తెలిసిన మనిషి. ఎవరినీ నొప్పించకుండా పని నడిపించేది ఎట్లని ఎప్పుడూ ఆలోచించేవాడు. కాసేపు గడ్డం రుద్దుకుని అన్నాడు.

"దస్తగిరిని ఉండనీ గురప్పా. వాడు పోతే మోటార్లు మోసుకోని ధర్మవరం పోవాల మనం. వాని పేరు కొట్టెయ్యి. మాబున్నీ, బాబయ్యా పోతే ఊరికేం నష్టం లేదు. పిల్లోళ్ల కోపమూ సల్లారతాది."

గురప్ప కొంచేపు ఆలోచించి తలూపినాడు. పిల్లోళ్లు కూడా సరేనన్నారు. వాళ్లకూ బోర్లుండాయి కదా. కేశవ జేబులోంచి పెన్ను తీసి మూత తీసి, తల్లి చేతికిచ్చినాడు. మామ అలవాటు ప్రకారం కాగితం మీద వేలు పెట్టి "ఈడ" అన్నాడు.

మా అత్త పెన్ను పట్టుకునే నన్ను పిలిచింది. "మే పద్మజా, అది చదువు."

నేను గడప దాటి వచ్చి చదివినాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. శాంతిభద్రతల దృష్ట్యా, ప్రజల కోరిక మేరకు, దిగువ పేర్కొన్న వ్యక్తులు. అంతా విని మా అత్త అడిగింది.

"మాబున్ని ఏం తప్పు చేసిందని రాసినారు దాంట్లో?"

"తప్పని ఏమీ రాయలేదత్తా."

"దస్తగిరి పేరు ఎందుకు కొట్టేస్తాండారు?"

"పనికొచ్చేటోడు కద వదినా" అన్నాడు గురప్ప.

"రేపు మన పిల్లోడు ఎవడన్నా మోటార్ల పని నేర్చుకుంటే?"

గురప్ప మా మామ వైపు చూసినాడు.

"అప్పుడు దస్తగిరిని గూడా పొమ్మంటారు. పనికొచ్చేదాకా ఉండు, పనికిరాకుంటే పో అని ఎద్దుకు చెప్తాం. మనిషికి చెప్తామా గురప్పా?"

గురప్ప ముఖంలో నవ్వు పోయింది. "వదినా, పైనుంచి మాట వచ్చినాది. నువ్వు మొండికేస్తే నీ చెక్కు పవరు తీయించేస్తారు. సర్పంచ్ అని పేరుకే ఉంటావు. కేశవ టికెట్టు సంగతి గూడా చూసుకో."

అందరం కేశవ వైపు చూసినాము. చెవులు ఎర్రబడి నేల చూస్తా ఉన్నాడు. "అమ్మా, ఒక్క సంతకం" అన్నాడు. గట్టిగా కాదు. అన్నం అడిగినట్టు.

మా అత్త కొడుకు ముఖం చానాసేపు చూసింది. ఒప్పుకుంటాదనే అనుకున్నాను నేను. కేశవ అంటే ఆమెకు ప్రాణం.

"ఇన్నాళ్లూ మీ నాయన యాడ పెట్టమంటే ఆడ పెట్టినా. రోడ్డుకంటే పెట్టినా, కొళాయికంటే పెట్టినా. దీనికి పెట్టను నాయనా."

పెన్నుకు మూత పెట్టి, మంచం మీద గురప్ప పక్కన పెట్టింది. తర్వాత లేచి, "సంగటి అయిండాది. తిని పోండి అందరూ" అని లోపలికి పోయి అన్నం తట్టలు కడిగింది. ఎవరూ తినలేదు. కారు పోయింది. కారులోనే కేశవ కూడా పోయినాడు.

మర్నాడు పొద్దున మా అత్త స్నానం చేసి, పెండ్లిండ్లకు కట్టుకునే నీలం చీర కట్టుకునింది. పాత గుడ్డపేలికలు నా చేతికిచ్చి, "దా" అనింది. ఇద్దరం బస్టాపు కాడికి పోయినాము. రాయి కట్ట మీద పిల్లోళ్లు అప్పటికే ఉన్నారు. పెద్దాయన తిప్పయ్య ఒక పక్కన బీడీ తాగుతా కూర్చోనుండాడు. మా అత్త దస్తగిరిని థిన్నరు డబ్బా అడిగింది.

"నేను తుడుచుకుంటాలే అక్కా. నువ్వెందుకు" అన్నాడు దస్తగిరి.

"గీసింది నువ్వా?"

"కాదు."

"పంచాయతీ రూము ఇది. పంచాయతీనే తుడుస్తాది."

మొదటి షట్టరు ఆమె తుడిచింది. రెండోది ఇద్దరం తుడిచినాము. థిన్నరు ఘాటుకు కండ్లలో నీళ్లు కారినాయి. ఎర్రరంగు చేతులకు, గాజులకు, నీలం చీరకు అంటుకునింది. మాబున్ని తన రూము ముందర నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకునింది. కట్ట మీద నుంచి ఎవడో అన్నాడు, "మన సైనికులు చస్తాంటే బిరియాని తిన్నోళ్లకు సేవ చేస్తాండాది చూడప్పా సర్పంచు."

అప్పటికే మా మామ వేగంగా వస్తా ఉన్నాడు. ఆమెను ఇంటికి తీసుకుపోయేదానికే వచ్చినాడని నడక చూస్తేనే తెలుస్తాది. చెయ్యి కూడా చాపినాడు.

మా అత్త గుడ్డ దించకుండానే ఆయన్ను అడిగింది. "ఆ బిరియాని నువ్వు గూడా తింటివి కదా. చెప్పు వీళ్లకు."

మామ చెయ్యి గాలిలోనే ఆగింది. కట్ట వైపు చూసినాడు. ఆ పిల్లోళ్లంతా ఆయన ఓట్లే. వాళ్ల నాయనలకు పింఛన్లు రాయించింది ఆయనే. బస్సు ఒకటి వచ్చి, ఎవరూ ఎక్కకుంటే పోయింది. మామ భుజం మీది తుండుగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"తిన్యా" అన్నాడు. "దస్తగిరి మనవరాలికి పేరు పెట్టేదానికి పిలిస్తే పోయింటి. రెండుసార్లు పెట్టించుకోని తిన్యా. అప్పటికి యుద్ధం మొదలు గూడా కాలేదు."

అంతే అన్నాడు. తర్వాత మూడో షట్టరు కాడికి పోయి, నా చేతిలో గుడ్డ తీసుకున్నాడు.

మేము గెలిచినామని ఆ రోజు అనుకున్నాను. ఊరు అట్లా మారదు. కొన్నాళ్లకు యుద్ధం ఆగిపోయింది. టీవీలో క్రికెట్టు వచ్చింది. కానీ మా ఇంటికి మాత్రం మనుషుల రాక నిలిచిపోయింది. మా అత్త చెక్కు పవరు తీసేసినారు. ఎంపీటీసీ టికెట్టు ఇంకొకరిదని గురప్ప చెప్పి పంపించినాడు. కేశవ ఎరువుల అంగడి మానేసి అనంతపురంలో ఏదో కంపెనీలో చేరినాడు. నాకు ఫోను చేసేవాడు. అమ్మ గురించి అడిగేవాడు కాదు. ఆమె పక్కనే ఉందని తెలిస్తే ఫోను పెట్టేసేవాడు.

మాబున్ని కూడా ఉండలేదు. షట్టరు తుడిచినా ఆమె భయం పోలేదు. కదిరిలో అక్క ఉందని, ఒకరోజు గాజుల పెట్టె నెత్తిన పెట్టుకుని చెప్పేదానికి వచ్చింది. మా అత్త ఉండమని బతిమాలలేదు. "నువ్వు పోతానంటే ఆపే హక్కు నాకు లేదు మాబున్నీ. ఆ రూము మాత్రం ఇంకొకరికి ఇయ్యను. తాళం నీ కాడనే పెట్టుకో" అనింది. ఆమె పోయినాక వసారాలో కొంగు కండ్లకు అడ్డం పెట్టుకుని కూర్చునింది. ఆ ఎండాకాలం మొత్తంలో ఆమె ఏడ్చింది నేను చూసింది అదొక్కసారే.

వాన ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పుడు మాత్రం దండిగా వచ్చింది. తెల్లారేసరికి ఎర్ర నేల వాసన ఇల్లంతా నిండిపోయింది. మా పక్క నేలల్లో తడి పదును రెండు మూడు రోజులే నిలుస్తాది. ఆ లోపల విత్తనం పడాల. ఊళ్లో ట్రాక్టర్లన్నీ చేన్లలోకి పోయినాయి. మా చేనికి ఒక్కటీ రాలేదు. మామ నాలుగిండ్లు తిరిగినాడు. రేపు వస్తామన్నారు. రేపు కూడా రేపన్నారు.

దస్తగిరి, బాబయ్య ఇండ్లోళ్లనంతా పిలుచుకుని పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చినారు. "విత్తనం మేమేస్తాం అక్కా. మాకూ చేతులుండాయి" అన్నాడు దస్తగిరి.

మా అత్త వాళ్లకు టీ ఇచ్చింది. తర్వాత అనింది, "మీరంతా ఈడికొస్తే అంగళ్లు ఎవరు తెరుస్తారు? పోయి తెరిసి కూర్చోండి. నాకు అదే చాలు."

వాళ్లు వెళ్లినాక మామ అటక మీది, విత్తనమేసే పాత గొర్రు దించినాడు. తన చిన్నాయన దగ్గర ముసలి ఎద్దుల జత తెచ్చినాడు. ఆయన గొర్రు పట్టినాడు. మా అత్త గింజలు వేసింది. నేను వెనకాల విత్తనం బుట్ట మోసుకుని నడిచినాను. మేము ఒలిచిన గింజలే. ఎండకు, తడికి కాళ్లు బరువెక్కి పోయినాయి. ఎద్దులు ఆగినప్పుడల్లా మామ ఆమెకు నీళ్లచెంబు అందించేవాడు. వాళ్లిద్దరి మధ్య అట్లా చెంబు అందుకునేది నేను అంతకు ముందు చూడలేదు. ఎప్పుడూ ఆమె ఇచ్చేది, ఆయన తాగేవాడు. మధ్యాహ్నం చెట్టు నీడన సంగటి తినేటప్పుడు, మామ ఏదో గుర్తుకొచ్చి నవ్వినాడు.

"ఏమి?" అనింది ఆమె.

"గురప్ప ముఖం" అన్నాడు. ఇద్దరూ పొలమారేటట్టు నవ్వినారు. పంచాయతీ పోయినట్టే, కొడుకు పోయినట్టే. అయినా ఆ నవ్వు. ఆ ఇంట్లో నేనుండిన రోజుల్లో అంతకంటే మంచిరోజు లేదు.

సగం చేనికే విత్తనం పడింది. మిగతా సగంలో ఆ ఏడు గడ్డి మొలిచి, గొర్రెలు మేసినాయి.

విత్తనం అయినాక ఒక సాయంత్రం మా అత్త నా బట్టలు తనే సర్ది పెట్టింది. నేను అనంతపురం పోనన్నాను. ఈడనే ఉండి చదువుకుంటానని చెప్పినాను.

"వాడు నీ మొగుడు. నా మీద కోపం వాడిది. దాంట్లోకి నువ్వెందుకు?" అనింది. "వాడు చెడ్డోడు కాదమ్మీ. వానికి ఆశ ఉండాది. ఆశ పోతే మనిషికి రోషమొస్తాది. అది పోయేదాకా పక్కన ఎవరో ఒకరు ఉండల్ల."

అది పోయేదానికి చానా కాలం పట్టింది. కేశవ ఆ సంగతి గురించి ఈ రోజుకీ మాట్లాడడు. కానీ ఆమె చివరి జబ్బులో, ఆస్పత్రిలో నెల దినాలు ఆమె మంచం కింద చాప వేసుకుని పడుకున్నది కేశవే.

నేను ఊరు వదిలిన రోజు మామ పెట్టె మోసుకుని వచ్చినాడు. అత్త నా కొంగులో వేయించిన కాయలు కట్టింది. బస్సు వచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు. "దారిలో కండ్లు తుడుచుకోవచ్చు. ముందు సీటు పట్టుకో" అని నన్ను ఎక్కించింది. బస్సు ఇంకా కదలలేదు, కిటికీలోంచి చూస్తా ఉన్నాను. ఆమె ఇంటి వైపు తిరగలేదు. కొళాయిలో నీళ్లు రాలేదని ఎవరో చెప్పినారంట, పంచాయతీ ఆఫీసు వైపు ఒక్కతే బయలుదేరింది. చెక్కు మీద సంతకం చేసే అధికారం లేని సర్పంచ్.

ఆఫీసుకు పోవాలంటే రాయి కట్ట ముందర నుంచే పోవాల. కట్ట నిండా మొగోళ్లు కూర్చోనుండారు. ఆమెను చూసి ఒకడు ఫోనులోకి తల దూర్చినాడు. ఒకడు చెట్టు కొమ్మల వైపు చూసినాడు. మా అత్త నడక తగ్గించింది. ఒక్కొక్కని ముందరా ఆగి, పేరు పెట్టి పలకరించింది. మీ అమ్మకు మోకాలు ఎట్లుండాది అని ఒకన్ని. మీ చేన్లో మొలక వచ్చిందా అని ఇంకొకన్ని. ఎవరూ నోరు తెరవలేదు. ఆమె బదులు కోసం కాసేపు చూసేది, తర్వాత పక్కోని కాడికి పోయేది.

చిట్టచివర కూర్చున్న తిప్పయ్య కాడికి వచ్చింది. ముసలాయన చేతిలో బీడీ నేల మీద పెట్టి, తలెత్తి ఏదో అన్నాడు. డ్రైవరు గేరు వేసినాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. మా అత్త మాత్రం కట్ట మీద ఆయన పక్కన చోటు చూసుకుని కూర్చునింది.